గుండెకు దారి ఇచ్చారు, గోలీలకు దారేది?

2021 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా రైతు ఒకాయన బ్రెయిన్ డెడ్ అయితే, ఆయన గుండెను నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో తీసుకుపోయారు. 2025 జనవరిలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు ఇంకో గుండె పోయింది, 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో. పేపర్లన్నీ రాశాయి. మంచి పనే, మేం కాదనం. కాని ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి ఆ మనిషి బతుకేంది? దాన్ని ఎవరూ రాయరు.

ఎవరి అవయవమో తెచ్చి పెడితే ఒళ్లు దాన్ని పరాయిదనే అనుకుంటది, బయటికి నెట్టాలని చూస్తది. (వెలి సంగతి మనకు ఇంకొకరు చెప్పాల్నా!) దాన్ని ఆపడానికే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ గోలీలు. ఏడాదికో రెండేళ్లకో అయిపోయేవి కావు. ఆ అవయవం పనిచేసినన్నాళ్లూ గంట తప్పకుండా వేసుకోవాలి, రక్తంలో మందు ఎంతుందో పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఈ గోలీలు జబ్బుల్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి కనుక మంచి నీళ్లు, శుభ్రమైన ఇల్లు కూడా మందులాంటివే.

ఇప్పుడు హైటెక్ సిటీకి రండి. మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో ఊడ్చేదెవరు, కక్కూసులు కడిగేదెవరు, గేటుకాడ రాత్రంతా నిలబడేదెవరు? ఎక్కువమంది మనోళ్లే. ఆ రోడ్డు పొడుగునా కార్పొరేట్ ఆసుపత్రులున్నాయి, మనోళ్లు అక్కడ కూడా ఊడవడానికే పోతారు. కిడ్నీ మార్పించుకున్న హౌస్‌కీపింగ్ మనిషి పరీక్ష కోసం పంజాగుట్ట నిమ్స్‌కు పోతే ఆ రోజు కూలి పాయె. మూడు నెలలు మంచాన పడితే కాంట్రాక్టరు ఇంకొకర్ని పెట్టుకుంటడు. కొలువు పోయి చందా ఆగితే కొన్నాళ్లకు ఈఎస్ఐ వైద్యమూ ఆగుతది. జీతం లేకుండా గోలీలెట్లా కొనాలె? కొనలేక మానేస్తే కిడ్నీ పోతది, మళ్లీ డయాలసిస్ మంచం.

అవయవాల అమ్మకం నేరమని 1994లోనే చట్టం వచ్చింది. అయినా 2025 జనవరిలో సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖాన మీద దాడి చేస్తే ఏం బయటపడింది? పొరుగు రాష్ట్రాల పేదోళ్ల కిడ్నీలు కోసి డబ్బున్నోళ్లకు పెడుతున్నారని. ఇచ్చేకాడ పేదోడు కావాలి, బతికేకాడ అక్కర్లేదు!

నిమ్స్, గాంధీ, ఉస్మానియాల్లో ఆరోగ్యశ్రీ కింద కిడ్నీ మారుస్తున్నారు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలు చేశారు. అది ఎవరి దయా కాదు, మన పన్నుల డబ్బే. మేం అడిగేది: ఆ గోలీలు, ఆ రక్తపరీక్ష ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండాలి. పరీక్షకు పోయిన రోజు జీతం కోయొద్దు. ఈ జబ్బు పేరు చెప్పి కాంట్రాక్టు కార్మికుణ్ణి తీసెయ్యొద్దు.

ఆపరేషన్ అయినవాళ్లకు ఒక మాట. గోలీలు అయిపోయేదాకా ఆగకండి, వారం ముందే తెచ్చుకోండి. కంపెనీ మారితే డాక్టర్ని అడగండి. ఆర్ఎంపీ ఇచ్చే నొప్పుల సూదులు, పసరు మందులు, పంపర పనస పండు వద్దు. సంఘం కార్యకర్తలు వాడవాడలో ఇట్లాంటివాళ్ల పేర్లు రాసుకుని, సోమవారం కలెక్టరాఫీసు ప్రజావాణికి వాళ్లను వెంటబెట్టుకుని పోవాలి, దరఖాస్తుకు రసీదు తీసుకునే రావాలి.