‘పొరపాటున చంపాడు’ అంటే?

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేతే పట్టణంలో హైదరాబాద్‌కు చెందిన ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఓ శ్వేతజాతీయుడు కాల్చి చంపాడు. తమ దేశం విడిచి పొమ్మని అరిచి మరీ కాల్చాడు. తాను కాల్చింది ఇరానీలనని తర్వాత చెప్పుకున్నాడు. కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది.

ఇలాంటి ఘటన జరిగినప్పుడల్లా ఓ మాట వినిపిస్తుంది: ‘పాపం, అరబ్బు అనుకుని పొరపాటున చంపాడు.’ సానుభూతితో అనే మాటే. కానీ అక్కడ నిజంగానే ఓ ఇరానీ కూర్చుని ఉంటే? అప్పుడది పొరపాటు కాకుండా పోతుందా? 2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన నాలుగు రోజులకే అరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కును తలపాగా చూసి కాల్చేశారు. అప్పుడూ ‘ముస్లిం అనుకున్నారు’ అన్నారు. ‘మేం వాళ్లం కాదు’ అనేది జాతివివక్షకు జవాబు కాదు. తుపాకీని పక్కవాడి వైపు తిప్పడమే అది.

ఈ అలవాటు ఇప్పటిది కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ అమెరికా సుప్రీంకోర్టులో పౌరసత్వం కోసం వాదించినప్పుడు, తాను అగ్రకుల ఆర్యుణ్ని కాబట్టి తెల్లవాణ్నేనన్నాడు. పౌరసత్వానికి జాతి షరతు ఎందుకని మాత్రం అడగలేదు. కోర్టు ఒప్పుకోలేదు. తలుపు సగం తెరుచుకున్నది 1946లో, అదీ ఏడాదికి వంద మందికి. బాగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. ఆ చట్టానికి వాతావరణం తెచ్చింది నల్లజాతీయుల పౌరహక్కుల పోరాటం. ఈరోజు అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ పోరాటానికి ఎంతో రుణపడి ఉన్నాయి. అయినా నల్లవాళ్లుండే ఏరియాలో ఇల్లు వద్దనేవారు వాటిలోనూ ఉన్నారు.

‘ప్రివిలేజ్’ అనగానే చాలామందికి కోపం వస్తుంది. ‘కష్టపడి చదువుకున్నాం, ఎవరేం పెట్టారు?’ అంటారు. కష్టపడలేదని ఎవరూ అనట్లేదు. నడిచిన దారిలో కొన్ని ముళ్లు లేవు, అంతే. హైదరాబాద్‌లో అద్దె ఇంటికి వెళ్లి పేరు చెప్పగానే ‘ఇల్లు అయిపోయింది’ అనే మాట ఎన్నడూ వినని వాడికి ఆ ముల్లు ఉందని కూడా తెలియదు. ముస్లింలకు తెలుసు, దళితులకు తెలుసు.

అయితే బాధితులైనంత మాత్రాన ఎవరూ ఈ లెక్కకు బయట ఉండరు. టోలీచౌకీలో ఆఫ్రికా విద్యార్థికి ఇల్లివ్వడానికి వెనకాడే యజమాని ముస్లిం కూడా కావచ్చు. నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికన్ గుర్రపు దళం పేరుతో ఏసీ గార్డ్స్ బస్తీ ఈ నగరంలోనే ఉంది. పిల్లలకు బిలాల్ అని ప్రేమగా పేరు పెట్టుకునే ఇళ్లలోనే రిష్తా మాట రాగానే ‘లడ్కీ గోరీ హై నా?’ అనే ప్రశ్న ముందొస్తుంది. అరబ్బుకు అరబ్బేతరుడి మీద, తెల్లవాడికి నల్లవాడి మీద ఆధిక్యం లేదన్న ప్రవక్త (స) చివరి హజ్ ప్రసంగం మింబర్ మీద వినిపిస్తుంది, పెళ్లి చూపుల్లో వినిపించదు.

మరి దీని గురించి మాట్లాడటం ఎలా? ‘నువ్వు రేసిస్టువి’ అంటే ఎదుటివాడు తనను తాను కాపాడుకోవడంలో పడిపోతాడు, సంభాషణ అక్కడితో సరి. ‘ఆ మాట వల్ల ఎవరికి ఇల్లు దొరకలేదు, ఎవరి సంబంధం తప్పిపోయింది?’ అని అడిగితే చర్చ మనిషి స్వభావం మీద కాకుండా చేసిన పని మీద నిలుస్తుంది. దెబ్బ తిన్నవాడు చెబుతుంటే ‘మాకూ జరిగింది’ అని మధ్యలో అడ్డు తగలకుండా పూర్తిగా వినడం ఇంకో మెట్టు. ఎవరి బాధ పెద్దదన్న పోటీలో ఎవరూ గెలవరు.

చివరికి తేలేది చేతల్లోనే. అమెరికాలో కొడుక్కి జరిగిన అవమానానికి కన్నీళ్లు పెట్టుకున్న తండ్రి, తన పై పోర్షన్ ఖాళీ అయినప్పుడు ఎవరికిస్తాడన్నదే అసలు పరీక్ష.