ఆర్కే బీచ్‌లో నాలుగు చొక్కాలు

మా ఆవిడది అమెరికా పౌరసత్వం. ఐ-130 వేసింది తనే కాబట్టి మా గాజువాకలో నన్ను ఇల్లరికం అల్లుడని ఏడిపించారు లెండి. హెచ్-4 వాళ్ళకి హైదరాబాదు చాలు గానీ, ఈ ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకి వైజాగు వాడైనా ముంబై పోవాల్సిందే.

వెళ్ళేముందు ఒక కన్సల్టెంటు ఇచ్చిన సలహా: "పెద్దలు కుదిర్చిన పెళ్ళంటే నమ్మరు సార్. లవ్ మ్యారేజీ అనండి. మేడమ్‌తో ఆర్కే బీచ్‌లో చొక్కాలు మార్చి నాలుగు ఫొటోలు దిగండి."

ఒళ్ళు మండింది. ఒక్క సాయంత్రాన్ని ఏడాది కాపురంగా చూపించాలన్నమాట! వాళ్ళు చూసేది పెళ్ళి నిజమా కాదా అని, ఎవరు కుదిర్చారని కాదు. అబద్ధమాడి దొరికితే, వేవర్ రాకపోతే, అమెరికా తలుపు జన్మలో తెరుచుకోదు.

సింహాచలం పెళ్ళి ఫొటోలు, రిజిస్ట్రారు సర్టిఫికెట్టు, తన బోర్డింగ్ పాసులు పట్టుకెళ్ళా. ఎలా కలిశారంటే "పిన్ని తెచ్చిన సంబంధం" అనే చెప్పా. పాస్‌పోర్టు ఉంచుకుని పంపేశారు.

అన్నట్టు, పెళ్ళై రెండేళ్ళు నిండకుండా వెళ్తే వచ్చే గ్రీన్‌కార్డు రెండేళ్ళకే. ఆ గడువు ముగిసేలోపే ఐ-751 వేసి ఇలాంటి రుజువులు మళ్ళీ చూపాలి. అప్పటిదాకా ఏ చొక్కా ఏ నెలదో ఇద్దరికీ గుర్తుండొద్దూ?