తెరవని గది

మన సినిమాల్లో దెయ్యం ఊరి చివరి పాడుబడ్డ బంగళాలో ఉంటుంది. మంత్రగాడో అమ్మవారో దాన్ని కట్టేస్తే కథ కంచికి, మనం ఇంటికి. కెనడా హారర్ అంత తేలిగ్గా వదలదు. 1974లో బాబ్ క్లార్క్ టొరంటోలో తీసిన ‘బ్లాక్ క్రిస్మస్’లో అమ్మాయిలుండే ఇంటికి బూతు ఫోన్లు వస్తుంటాయి. ఎక్స్ఛేంజీలో మనిషి యంత్రాల వరసల మధ్య పరిగెత్తి పరిగెత్తి లైను పట్టుకుంటాడు: కాల్ వస్తున్నది అదే ఇంట్లోంచి! మరుసటి ఏడు ‘షివర్స్’లో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ మాంట్రియల్ అపార్ట్‌మెంటు జనం ఒంట్లోకే పురుగుల్ని దింపాడు. సర్కారు సొమ్ముతో ఈ రోతేమిటని పత్రికలో దుమ్మెత్తిపోశారు కూడా. 2000లో వచ్చిన ‘జింజర్ స్నాప్స్’లో పిల్ల పెద్దమనిషైన రాత్రే మృగం కరుస్తుంది, మారుతున్న ఒళ్లే అక్కడ భయం. 2019లో మిక్‌మాక్ ఆదివాసీ తెగకు చెందిన దర్శకుడు జెఫ్ బార్నబీ తీసిన ‘బ్లడ్ క్వాంటమ్’లో జాంబీ రోగం ఆదివాసులకు మాత్రం సోకదు. ఒకప్పుడు వాళ్ల నేలను ఆక్రమించిన జాతి ఇప్పుడు వాళ్ల గుమ్మం ముందు ఆశ్రయం అడుగుతుంది. ఏ పాఠ్యపుస్తకం చరిత్రను ఇంత సూటిగా చెప్పింది? హారర్‌కి కావలసింది చెవులు చిల్లులుపడే సౌండు కాదు. మనింట్లో మనమే తాళం వేసుకున్న గది. మన దర్శకులు ఆ తాళంచెవి ఎప్పుడు వెతుకుతారో!