పిల్లల యూపిరికి కొలత యేది?

మృగశిరకార్తె ప్రవేశించినంతనే ఉబ్బసపు రోగులు నానాప్రాంతములనుండి హైదరాబాదు నాంపల్లికి చేరి, మన కొల్లేటివారికి చిరపరిచితమైన కొఱ్ఱమీను పిల్లను మందుతో మ్రింగుదురు. ఈ యాచారము 1845 నుండి సాగుచున్నదని బత్తిని వంశీయులు చెప్పుదురు. బిడ్డ యాయాసమును చూడజాలని తల్లి యెంతదూరమైనను పోవును. ఆమెను పరిహసించుట మా యుద్దేశము కాదు. మా ప్రశ్న వేఱు. ఆ బిడ్డకున్నది ఉబ్బసమే యని యెవరు, దేనితో కొలిచి చెప్పిరి?

నూర్పిళ్ల దుమ్ము, గడ్డి కాల్చిన పొగ, మిల్లుల తవుడు ధూళి, చెమ్మగోడల బూజు - ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలవారికి ఇవి క్రొత్తవి కావు. రాత్రి దగ్గును, ఱొమ్మున పిల్లికూతలును వినబడిన బిడ్డకు ఒకరు జలుబందురు, ఒకరు నెమ్మందురు; సీసాపై సీసా మందు మాఱును. ఆడుబిడ్డ యైనచో పెండ్లికి అడ్డమగునని వ్యాధి పేరే దాచువారును గలరు. మఱికొందఱు ఉబ్బసము లేకయే ఆ పేరు మోయుదురు.

ఉబ్బసమనగా శ్వాసనాళముల లోపలిపొర వాచి, కండరములు బిగిసి, గాలిదారి యిఱుకగుట. ఈ వాపు కంటికి కనబడదు గాని కొలతకు లొంగును. స్పైరోమెట్రీ యంత్రమున బిడ్డ బలముగా ఊదినచో మొదటి సెకండున వెడలిన గాలి తెలియును. నాళములను విప్పు మందిచ్చిన పిదప అది నూటికి 12 పాళ్లు పెరిగినచో ఉబ్బసమునకు బలమైన సాక్ష్యము. వాచిన నాళములనుండి నైట్రిక్ ఆక్సైడు వాయువు హెచ్చుగా వెలువడును. ఐదు మొదలు పదునాఱేండ్ల పిల్లలలో, తగిన లక్షణములుండి, నూఱుకోట్ల పాళ్ల యూపిరిలో అది 35 పాళ్లకు తగ్గకున్నచో ఉబ్బసమని నిర్ణయింపవచ్చునని 2024లో బ్రిటిషు వైద్యసంస్థలు నిబంధన చేసినవి. ఇవి లేనిచోట, కొద్ది వందల రూపాయలకు దొరకు పీక్ ఫ్లో మీటరుతో ఉదయసాయంకాలములు రెండువారములు అంకెలు వ్రాసికొన్నను దారి తెలియును.

ఏ యంకెయు ఒంటరిగా తీర్పు కాదు. ఆయాసము లేనినాడు పరీక్ష బాగుగనే యుండవచ్చును. ఐదేండ్లలోపు పసివారు సరిగా ఊదజాలరు. అచ్చట వైద్యుని విచారణయు, మందునకు బిడ్డ తేరుకొను తీరును ప్రమాణములు.

2019 నాటి ప్రపంచ గణన ప్రకారము ఉబ్బసరోగులలో మనదేశపు పాలు నూటికి సుమారు 13. మరణములలోనో, 40కి మించినది! సకాలమున గుర్తింపమి, మందు సరిగా వాడమి యిందుకు ముఖ్యకారణములు. నేరుగా ఊపిరితిత్తులకే స్వల్పమాత్రలో మందుచేర్చు ఇన్‌హేలరును వ్యసనమని భయపడుట అజ్ఞానము.

ధాన్యము కొనునపుడు తేమ 17 శాతము మించెనా యని యంత్రముతో పరీక్షించు సీమ మనది. గింజకున్న కొలత బిడ్డ యూపిరికి లేకుండుట తగునా? ఏలూరున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల నెలకొన్నది. అచ్చట పిల్లలకు వారమున కొకదినము శ్వాసపరీక్ష జరుగవలెను. ప్రతి ప్రభుత్వాసుపత్రిలో స్పైరోమెట్రీ, ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున పీక్ ఫ్లో మీటరు ఉండవలెను. ఉన్నచోట వాడవలెను, లేనిచోట తెప్పింపవలెను. ప్రజాప్రతినిధు లిందుకు పూనుకొందురుగాక. తల్లిదండ్రులు మందు అడుగుటకు ముందు పరీక్ష నడుగుదురుగాక.