గుండె ఆపరేషన్‌లో రక్తస్రావం: ఏ మందు మేలు?

కలికిరి, మదనపల్లె వైపు నుంచి గుండె ఆపరేషన్ కోసం తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు సి.ఎం.సి.కో వెళ్ళే కుటుంబాలకు ఎదురయ్యే మొదటి చింతల్లో రక్తం ఒకటి. అబ్బాజాన్‌కు బైపాస్ అనగానే రక్తం ఇవ్వగల బంధువులెవరని వెదుకులాట మొదలవుతుంది. ఆ అవసరాన్ని తగ్గించే మందులున్నాయన్న సంగతి చాలామందికి తెలియదు.

గుండెను ఆపి శస్త్రచికిత్స చేసేటప్పుడు రోగి రక్తం యంత్రం గుండా ప్రవహిస్తుంది. గొట్టాలలో గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, చివర ప్రొటమిన్‌తో దాని ప్రభావాన్ని తొలగిస్తారు. అయితే యంత్రపు తాకిడికి, గాయం మీద ఏర్పడిన గడ్డలను కరిగించే ప్లాస్మిన్ శరీరంలో మితిమీరి పనిచేస్తుంది. కుట్లు సరిగా ఉన్నా నెత్తురు ఊరుతూనే ఉంటుంది. దీన్ని అడ్డుకునే మందులు ముఖ్యంగా మూడు: అప్రోటినిన్, ట్రానెక్సామిక్ ఆమ్లం, అమినోకాప్రోయిక్ ఆమ్లం.

అప్రోటినిన్‌ను పశువుల ఊపిరితిత్తుల నుంచి తీస్తారు. ఆ పశువు జబహ్ చేసినదేనా అన్న సందేహం మన ఇళ్ళలో సహజం. ప్రాణాపాయంలో గత్యంతరం లేనివారికి నిషిద్ధం విషయంలో సడలింపు ఉందని ఉలమాలు అల్ బఖరా సూరా 173వ ఆయత్ ఆధారంగా చెబుతారు. కానీ గత్యంతరం ఉందో లేదో ముందు తేలాలి కదా! తక్కిన రెండు మందులూ రసాయనికంగా తయారయ్యేవే. అవి దీనికి దీటైనవేనా అన్న వైద్య ప్రశ్న, ఆ విధంగా మనకు ధర్మప్రశ్న కూడా అవుతుంది.

ఈ మూడింటినీ నేరుగా పోల్చి చూసిన పెద్ద పరిశోధన కెనడాలో జరిగింది. రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదమున్న 2,331 మంది రోగులు అందులో ఉన్నారు. 2008లో ప్రచురితమైన ఫలితాలను కాస్త నిదానంగా చదవాలి. తీవ్ర రక్తస్రావం అప్రోటినిన్ తీసుకున్నవారిలో 9.5 శాతం, తక్కిన రెండింటిలోనూ 12.1 శాతం. ఇంతవరకే చూస్తే ఖరీదైన మందే గెలిచింది. కానీ నెల రోజులలోపు మరణించినవారు అప్రోటినిన్‌తో 6 శాతం, ట్రానెక్సామిక్‌తో 3.9, అమినోకాప్రోయిక్‌తో 4 శాతం. రక్తం తక్కువ పోయింది, ప్రాణాలు ఎక్కువ పోయాయి. ఈ కారణంగానే పరిశోధనను 2007లో మధ్యలో ఆపివేశారు, తయారీ సంస్థ అమ్మకాలను నిలిపివేసింది. తరువాత ఆ లెక్కలపై అభ్యంతరాలు వచ్చాయి. 2012లో ఐరోపా ఔషధ సంస్థ, రక్తస్రావం ముప్పు అధికంగా ఉన్న బైపాస్ రోగులకు మాత్రం దాన్ని పరిమితంగా వాడవచ్చన్నది. కనుక అప్రోటినిన్‌ను విషమని కొట్టివేయలేము. అయితే మొదట ఎంచుకోవలసిన మందు మాత్రం అది కాదనే మా అభిప్రాయం.

ట్రానెక్సామిక్ ఆమ్లం మన స్త్రీలకు కొత్తది కాదు. నెలసరిలో అధిక రక్తస్రావానికి డాక్టర్లు రాసే మాత్ర అదే. జపాన్‌కు చెందిన ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే ప్రసవానంతర రక్తస్రావాన్ని ఆపాలన్న తపనతో దీన్ని కనుగొని 1962లో ప్రకటించారు. బిడ్డను వీపున కట్టుకొని ప్రయోగశాలలో పనిచేసిన తల్లి ఆమె. 2017లో వెలువడిన మరో పరిశోధనలో 4,600 మందికి పైగా గుండె రోగులను పరిశీలించారు. ఈ మందు పొందినవారికి ఎక్కించిన రక్తం, రక్త పదార్థాలు 4,331 యూనిట్లు కాగా, పొందనివారికి 7,994 యూనిట్లు అవసరమయ్యాయి. బంధువులను వెదికేవారికి ఈ తేడా విలువ చెప్పనక్కరలేదు.

దీనికీ ఒక లోపముంది. ఆ పరిశోధనలోనే ఫిట్స్ వచ్చినవారు 0.1 శాతానికి బదులు 0.7 శాతమయ్యారు. మోతాదు పెరిగితే ఆ ముప్పూ పెరుగుతుంది. ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కాబట్టి, రోగికి గతంలో ఫిట్స్ వచ్చినా, మూత్రపిండాల జబ్బు ఉన్నా, కాళ్ళలోనో ఊపిరితిత్తులలోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడుతుంటే అదీ చెప్పాలి. వాటిని ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టరే నిర్ణయిస్తారు. సంతకం పెట్టే ముందు, “రక్తస్రావం తగ్గడానికి ఏ మందు ఇస్తారు?” అని అడగడానికి మొహమాటపడవద్దు. ఇంట్లో మిగిలిన మాత్రలను మాత్రం ఆపరేషన్‌కు ముందు రోగికి సొంతంగా ఇవ్వవద్దు.