గడప నుండి గడపకు

హుస్నాబాదులో ఎవరినైనను “దుబాయి యెంత దూరము?” అని అడిగినచో, “నాలుగు గంటల ప్రయాణము” అని బదులు చెప్పుదురు. ఆ మాట అసత్యము కాదు. కాని సంపూర్ణసత్యమును కాదు. నాలుగు గంటలు విమానము ప్రయాణించు కాలము. మనుష్యుడు ప్రయాణించు కాలము వేఱు.

శంషాబాదు విమానాశ్రయమునకును దుబాయి విమానాశ్రయమునకును నడుమ దూరము సుమారు 2,550 కిలోమీటర్లు. భూగోళముపై రెండు స్థలముల నడుమ దారము బిగించి కొలిచినట్టి దూరమిది. నిర్ణీతమార్గములను అనుసరించుటచేత విమానము ఇంతకంటె కొంత ఎక్కువయే తిరుగును. పడమటినుండి వీచు పైగాలులు, ముఖ్యముగా చలికాలమున, పోవునపుడు ఎదురై ఆలస్యము కలిగించును. వచ్చునపుడు తోడై త్వరపెట్టును. గడియారము మఱియొక చిక్కు. దుబాయి కాలము భారతకాలమునకు గంటన్నర వెనుక. ఉదయము 10 గంటలకు బయలుదేరి నాలుగు గంటలు పయనించినవానికి అచటి గడియారము 12.30 చూపును. టిక్కెట్టుపైని వేళలను మాత్రమే చూచువాడు ప్రయాణము రెండున్నర గంటలే యని భ్రమపడును.

ఇక నేలమీది లెక్క చూడవలెను. 2016లో సిద్దిపేట జిల్లాలో చేరువఱకు హుస్నాబాదు కరీంనగరు జిల్లాలోనిది. ఆ జిల్లాపల్లెలనుండి ఎందఱో జీవనోపాధికై గల్ఫుదేశములకు వెళ్లిరి. హుస్నాబాదునుండి శంషాబాదునకు రోడ్డుమార్గము 150 కిలోమీటర్లకు పైబడినది. మూడు గంటలైనను పట్టును. విదేశప్రయాణికుడు మూడు గంటలు ముందుగా చేరవలెను. దిగిన పిమ్మట పాస్‌పోర్టు తనిఖీకి, సామానులకు, బసకు చేరుటకు మఱి రెండు గంటలు. వెరసి పండ్రెండు గంటలు! అందు ఎనిమిది గంటలు నేలమీదనే గడచును.

ఈ ఎనిమిది గంటలను లెక్కింపనివాడు నష్టపడును. త్రోవలో టైరు పగిలినను, వాన అడ్డగించినను విమానము వేచియుండదు. అప్పుచేసి కొన్న టిక్కెట్టు వ్యర్థమగును. తండ్రి కడసారిచూపునకై వచ్చు కుమారునకు ఆ నేలమీది గంటలే యుగములు.

వరంగల్లు చెంతనున్న మామునూరు విమానాశ్రయము 1930లో నిజాముకాలమున నిర్మింపబడి, 1981లో మూతపడినది. దాని పునరుద్ధరణకు 2025లో కేంద్రప్రభుత్వము అనుమతించినది. హుస్నాబాదునకు అది శంషాబాదుకంటె ఎంతయో చేరువ. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఆశ్రయము చేరువైనంత మాత్రమున ప్రయాణము చేరువ కాదు. అచటినుండి కావలసిన చోటికి విమానములు తఱచుగా నడువవలెను. పల్లెలనుండి అచటికి బస్సులు వేళకు అందవలెను. ఒకచోట ఎక్కి వేఱొకచోట దిగి, అచట మఱల గంటలకొలది వేచియుండవలసివచ్చినచో, రోడ్డుమీద మిగిలిన కాలము నిరీక్షణలో కరగిపోవును.

కావున దూరమును ఆశ్రయమునుండి ఆశ్రయమునకు కొలుచుట విమానమునకు చాలును. మనుష్యుని ప్రయాణమును మాత్రము గడప నుండి గడపకు కొలువవలెను. ప్రయాణమునకు పూనుకొను కుటుంబమును, మార్గములు నిర్మించు ప్రభుత్వమును ఈ కొలతనే పాటించుట యుక్తము.