కావలికుక్క పది పిల్లలను ఈనినచో

చిత్తకార్తె వచ్చినదనగానే మన పల్లెలలో కుక్కలను గూర్చిన పరిహాసములు మొదలగును. ఆ కార్తెను మనము నవ్వుకొనుటకు వాడుకొనుచున్నామే గాని లెక్క కట్టుటకు వాడుకొనుట లేదు. ఈ ఏడు లెక్క కట్టి చూడుడని నా మనవి. చిత్తకార్తె అక్టోబరు 10వ తేదీ ప్రాంతమున ప్రవేశించును. కుక్క చూలు మోయు కాలము సుమారు 63 దినములు. కాబట్టి ఆ కార్తెలో జతకట్టిన కుక్క డిసెంబరు రెండవ పక్షములో, మూలకార్తెలో, ధనుర్మాసపు చలిలో ఈనును. అవి కోతలు, నూర్పిళ్లతో ఇంటిల్లిపాదికి తీరిక లేని రోజులు. ఏడాది మొత్తములో పుట్టినపిల్లకు అంతకంటె కష్టమైన వేళ లేదు. అన్ని కుక్కలును ఆ కార్తెలోనే కలియునని కాదు. ఇంట మేపు కుక్క ఏటికి రెండుమారులు ఎదకు వచ్చుట కద్దు. అయినను చలికాలపు ఈతలే మన ఊళ్లలో ఎక్కువ.

నేను వ్యవసాయశాస్త్ర పట్టభద్రుడనే గాని పశువైద్యుడను గాను. ఈ విషయము వ్రాయుటకు నాకు గల అర్హత నేను చేసిన ఒక తప్పు.

ఐదేండ్ల క్రిందట నా పరిధిలోని ఒక మెట్ట గ్రామమునకు వేరుశనగ చేను చూడబోయితిని. ఆ రైతు చేనికి అడవిపందుల బెడద. రాత్రులు మంచెమీద ఆయన, మంచె క్రింద ఒక గోధుమవన్నె ఆడకుక్క. అది అరచుదాక పందుల అలికిడి మనిషి చెవికి తెలియదు. ఆ కుక్క అంతకు ముందు రాత్రియే పదకొండు పిల్లలను ఈనినది. పశువుల కొట్టములో, గాబు ప్రక్క చెమ్మనేలపై అవి పడియున్నవి. “సారూ, ఇన్నిటికీ పాలు సరిపోతాయంటారా?” అని ఆయన అడిగినారు. నేను అంతయు తెలిసినవానివలె, “తల్లి ఉంది గదా పెద్దాయనా, అదే చూసుకుంటుంది. మరీ చాలకపోతే ఆవుపాలలో సగం నీళ్లు కలిపి తాగించండి” అని చెప్పి మోటారుసైకిలు ఎక్కితిని. వారము దాటి మరల పోగా నాలుగే మిగిలినవి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. “వాటి రాత అంతే సారూ” అన్నారు. అది రాత కాదనియు, అందులో నా మాటకును పాలు కలదనియు ఆ సాయంకాలము పశువైద్యాధికారి చెప్పగా తెలిసికొంటిని.

మొదట ఆ పాల సంగతి. చంటిబిడ్డకు నీళ్లు కలిపి పట్టు అలవాటు వలన మనము పొరబడుచున్నాము. ఆవుపాలలో వెన్న సుమారు 4 శాతము, మాంసకృత్తులు 3 శాతమునకు కొంచెము పైన ఉండును. కుక్కపాలలో వెన్న సుమారు 9 శాతము, మాంసకృత్తులు 7 శాతమునకు పైన ఉండును. పాలచక్కెర మాత్రము ఆవుపాలకంటె తక్కువ. సగము నీళ్లు కలిపిన ఆవుపాలు త్రాగిన పిల్లకు కడుపు నిండినట్లు కనిపించునే గాని, దానికి అందినది తల్లిపాలలోని బలములో నాలుగవ వంతు కూడ కాదు. కడుపు ఉబ్బి ఆకలితో చచ్చుట అనగా ఇదియే. మన ఇండ్లలో దొరకు పాలలో గేదెపాలు నయము, వెన్న 7 శాతము దాక ఉండును. నీరు కలుపని గేదెపాలు కప్పు నిండుగా కాచి, గోరువెచ్చగా చల్లారిన తరువాత ఒక కోడిగ్రుడ్డు పచ్చసొన గిలకొట్టి పట్టవచ్చును. చక్కెర వేయరాదు, వేసినచో పారుడు పట్టును. ఇదియు ఒకటి రెండు దినములు గడచుటకే. పట్టణములలో కుక్కపిల్లలకని ప్రత్యేకముగా చేసిన పాలపొడి దొరకుచున్నది, దానిని ముందే తెచ్చి ఉంచుకొనుట మేలు.

పట్టు తీరు కూడ తెలిసి ఉండవలెను. బిడ్డను ఒడిలో వెల్లకిల వేసికొన్నట్లు పిల్లను వేసికొని ఉగ్గుగిన్నెతో పోసితిమా, పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. పిల్ల బోర్లా ఉండగా, తల కొంచెము ఎత్తి, పిచికారీ గొట్టముతోనో పాలపీకతోనో చుక్కచుక్కగా పట్టవలెను. మొదటివారము రెండు మూడు గంటలకు ఒకసారి పట్టవలసి ఉండును. తల్లి నాకనియెడల, తడి దూదితో పిల్ల పొత్తికడుపు క్రింద మెల్లగా తుడిచిన గాని అది మూత్రము, మలము విడువలేదు.

చల్లబడిన పిల్లకు పాలు పట్టరాదు. పెక్కుమందికి తెలియని సంగతి ఇది. అప్పుడే పుట్టిన కుక్కపిల్ల తన ఒంటివేడిని తాను నిలుపుకొనలేదు. ఒడలు చల్లబడినచో దాని ప్రేగులు ఆగిపోవును, త్రాగిన పాలు అరుగక లోపలనే చెడును. ముందు దానిని బట్టలో చుట్టి మన ఒంటికి ఆనించుకొని మెల్లగా వెచ్చపరచి, తరువాతనే పాలు ఇయ్యవలెను. మొదటి వారములో పిల్లలున్న చోటు 30 డిగ్రీల వెచ్చదనముండవలెను. మన మెట్ట ప్రాంతములలో డిసెంబరు రాత్రి అందులో సగమే ఉండును. కోళ్లఫారము చూచినవారికి దీపము సంగతి చెప్పనక్కరలేదు. గంపకు ఒక ప్రక్కన, రెండు మూడు అడుగుల ఎత్తున బల్బు వ్రేలాడదీసి, రెండవ ప్రక్క చల్లగా వదలవలెను. పిల్లలన్నియు గుంపుగా ఒకదానిపై నొకటి ఎక్కుచున్నచో వేడి చాలలేదనియు, దూరముగా చెదరి రొప్పుచున్నచో ఎక్కువైనదనియు తెలియును. కరెంటు పోయిన రాత్రికి వేడినీటి సీసాలను గుడ్డలో చుట్టి పెట్టవచ్చును. కుంపటి మాత్రము వలదు. పొగ ఒకటి, నిప్పు ఒకటి, రెండును గడ్డివాము ప్రక్క పనికిరానివే.

చోటు విషయములో మనము చేయు తప్పు, ఈనిన తరువాత వెదకుట. దినములు నిండుటకు పది రోజుల ముందే, జనసంచారము లేని పొడి మూలలో, తల్లి కాళ్లు చాచుకొని పడుకొనునంత చోటు ఏర్పరచి, అక్కడనే దానికి తిండి పెట్టుచు అలవాటు చేయవలెను. నేలపై గోనెసంచులు పరచి వాటిపై ఉతికిన పాత నూలుచీరలు వేసి, తడిసినప్పుడెల్ల మార్చవలెను. ఊక, పొట్టు పిల్లల ముక్కులలోనికి పోవును. పురుగుమందు మూటలు వచ్చిన సంచులు దరి చేర్చరాదు. పిడుదులకు, గోమార్లకు చేనిమందు చల్లుట కొన్ని ఊళ్లలో నేటికిని చూచుచున్నాను. మా శాఖవారే ఒకప్పుడు బి.హెచ్.సి. పొడిని సర్వరోగనివారిణివలె చెప్పిన మాట నిజమే. ఆ మందు 1997లోనే నిషేధింపబడినది. చేనిపై చల్లు ఏ మందును పాలిచ్చు కుక్కపై చల్లరాదు, పిల్లలు ఆ ఒంటినే నాకును.

ఈనుటకు ఒక దినము ముందు కుక్క తిండి మానును, నేల గీరును, ఒంటివేడి 99 డిగ్రీల ఫారన్‌హీటుకు దిగును. నొప్పులు మొదలైన పిమ్మట పిల్లకు పిల్లకు నడుమ అరగంటనుండి గంట పట్టుట సాధారణము. నడుమ కొంతసేపు విశ్రమించినను కంగారుపడరాదు. అయితే పిల్లలు ఎక్కువైనకొలది గర్భసంచి అలసిపోవును, అక్కడనే చిక్కు. అరగంటసేపు గట్టిగా ముక్కినను పిల్ల రానిచో, ఇంకను పిల్లలుండి రెండు గంటలు గడచినచో, మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చని ద్రవము కనిపించినచో పశువైద్యునికి కబురు పంపవలెను. 1962 నంబరునకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చును. తెలిసినవారెవరో చెప్పినారని మందుల అంగడినుండి నొప్పుల ఇంజక్షను తెచ్చి పొడువరాదు. పిల్ల అడ్డము తిరిగియున్నచో గర్భసంచి చినుగును. కడుపులో ఎన్ని ఉన్నవో ముందే తెలియవలెనన్న, 55 దినములు దాటిన తరువాత తీసిన ఎక్సురేలో ఎముకలు లెక్కకు వచ్చును. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరు పశువైద్య కళాశాలలకు చేరువలో ఉన్నవారు విచారింపవచ్చును.

కుక్కకు సాధారణముగా చన్నులు పది. నాటుకుక్క అయిదారు పిల్లలను ఈనినంతవరకు ఆ లెక్క సరిపోవును. 2004 నవంబరు 29న ఇంగ్లండులో నియాపాలిటన్ మాస్టిఫ్ జాతి కుక్క ఒకటి 24 పిల్లలను ఈనినది. రాత్రింబవళ్లు మనుషులు సీసాలతో పాలు పట్టినను, వాటిలో మూడు వారము లోపలనే పోయినవి. మన పదకొండింటికి అంత హంగామా అక్కరలేదు. పుట్టిన మొదటి పన్నెండు గంటలలో ప్రతి పిల్లకును ముర్రుపాలు అందినట్లు కంటితో చూచుకొనవలెను. దినము గడచినచో ఆ పాలలోని రోగనిరోధక శక్తిని పిల్ల ప్రేగులు పీల్చుకొనలేవు. ఆ పిమ్మట పిల్లలను రెండు జట్లు చేసి, రెండు గంటలకొక జట్టు చొప్పున తల్లిని విడువవలెను. చిన్నపిల్లలకు ముందు వంతు, పాలెక్కువ ఉండు వెనుక చన్నులు. రెండవ జట్టు తల్లి కంటికి కనిపించునట్లు గంపలో వెచ్చగా ఉండవలెను. అంగడి త్రాసుతో రోజూ తూచి పుస్తకములో వ్రాసికొన్న మరియు మంచిది. బరువు పది దినములలో రెండింతలు కావలెను. ఒక దినము పెరుగని పిల్లకే పైపాలు కావలసినవి, అన్నింటికిని కాదు.

పిల్లలు బ్రతికి తల్లి పోయిన సందర్భములు కూడ కలవు. ఎక్కువ పాలిచ్చు గేదెకు ఈనగానే పాలజ్వరము వచ్చునని మీకు తెలియును. అదే సున్నపు కొరత కుక్కకు రెండవ, మూడవ వారములో వచ్చును. కుక్క రొప్పుచు, వణకుచు, కాళ్లు బిగిసి నడచును, పిమ్మట మూర్ఛలు వచ్చును. అప్పుడు పిల్లలను వెంటనే వేరుచేసి, గంటలలో కాల్షియము ఇంజక్షను వేయింపవలెను. ముందుజాగ్రత్తయని చూలుతో ఉన్నప్పుడే కాల్షియము మందులు పోయుట వలన ఈ జబ్బు తగ్గకపోగా ఎక్కువగును. పాలిచ్చునపుడు కావలసినది కడుపునిండ తిండి. మూడవ వారము నాటికి మామూలుకంటె రెండు మూడింతలు తినును. గంజి, మజ్జిగ అన్నముతో పదిమందికి పాలు రావు. గ్రుడ్లు, చేపలు, పప్పు చేరిన తిండి పూటకు కొంచెముగా నాలుగు పూటలు పెట్టవలెను.

“మనుషులకే దిక్కు లేదు, కుక్కకు బాలెంత పథ్యమా?” అని మీరనవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. అయితే ఏడాదికి మూడువందల రాత్రులు చేను కాచిన జీవికి రెండు నెలల మేపు ఎక్కువయని కూలి లెక్క తెలిసిన రైతు అనడు. అసలు చిక్కు వేరొకటి. పిల్లలు బ్రతికిన తరువాత ఏమి చేయుచున్నాము? మగపిల్లలను ఎవరో అడిగి తీసికొందురు. ఆడపిల్లలను గోనెసంచిలో వేసి పొరుగూరి చెరువుగట్టున వదలుచున్నాము. పొరుగూరివారు తమవి తెచ్చి మన పొలిమేరలో వదలుచున్నారు. అందులో బ్రతికినవే గుంపులై రెండేండ్లకు మన గొఱ్ఱెలమంద మీద పడును, బడికిపోవు పిల్లలను కరచును. మన దేశములో మనుషులకు రేబీస్ దాదాపు కుక్కకాటు వలననే వచ్చుచున్నది, లక్షణములు బయటపడిన పిమ్మట వైద్యము లేదు. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును అకారణముగా వదలివేయుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు వీధికుక్కల శస్త్రచికిత్సలను స్థానిక సంస్థలకు అప్పగించి, పెంపుడుకుక్కల టీకాలు, శస్త్రచికిత్సల బాధ్యతను యజమానిపైననే ఉంచినవి. గ్రామాధికారులు ఈ సంగతి రచ్చబండ దగ్గర ఒకమారు చెప్పినను మేలే.

కాబట్టి పెద్ద ఈతకు సిద్ధపడుట చిత్తకార్తెకు ముందే మొదలు కావలెనని నా అభిప్రాయము. మీ కుక్క పిల్లలకొరకు మాట ఇచ్చిన ఇండ్లు అయిదైనను లేనిచో దానిని కట్టి ఉంచుడు, లేదా శస్త్రచికిత్స చేయింపుడు. ఈనించదలచినచో తల్లికి టీకాలు ముందే వేయింపుడు, ఆ శక్తి ముర్రుపాలతో పిల్లలకు పోవును. పిల్లలకు రెండవ వారమునుండి పదునైదు దినములకొకసారి నులిపురుగుల మందు, ఆరు నుండి ఎనిమిది వారముల నడుమ మొదటి టీకా, మూడు నెలలకు రేబీస్ టీకా. ఎనిమిది వారములు నిండక ఏ పిల్లను తల్లినుండి వేరుచేసి పంపరాదు.

ఆ మెట్ట రైతు కుక్కకు పాలు ఇంకిన తరువాత పశువుల ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించినారు. నేనును వెంట పోయితిని. అది ఇప్పటికిని మంచె క్రిందనే ఉన్నది, చెవి కొంచెము మందగించినది. మిగిలిన నాలుగింటిలో ఒక ఆడపిల్లను ఆయన దాని ప్రక్కకే పెంచుచున్నారు. దానికి రేబీస్ టీకా వేయవలసిన తేదీని ప్రతి సంవత్సరము గోడమీద క్యాలెండరులో, విత్తనాల బాకీ లెక్క ప్రక్కన వ్రాసి ఉంచుదురు.